పచ్చి కట్టెల పొయ్యి

మా అమ్మ పోయిన మరుసటి ఏడు, నా చిన్నప్పుడే, మా బాపు మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. అప్పుడు నాకు ఎనిమిదేళ్లుంటాయేమో. మాది శామీర్‌పేట పక్క పల్లె. ఇప్పుడు అక్కడ ఎత్తైన ప్రహరీ గోడలు, వాటి లోపల ఒకే తీరు ఇండ్లు కనబడతాయి గానీ, ఆ రోజుల్లో మా పెరట్లో నిలబడి చూస్తే కంటికి ఆనినంత దూరం ద్రాక్ష తోటలే. మాకూ చిన్న తోట ఒకటి ఉండేది.

ఇంటికి వచ్చినామెను చిన్నమ్మా అని పిలవమన్నారు. నేను పిలవలేదు. ఆమె అన్నం పెడితే తినేదాన్ని, తల దువ్వుతానంటే పారిపోయేదాన్ని. ఆమె కూడా పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆమెకూ ఇది రెండో పెళ్లేనని, మొదటి భర్త చనిపోయాడని పెద్దవాళ్లు అనుకుంటుండగా విన్నాను. అంతకు మించి ఆమె గురించి నాకేమీ తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

అమ్మ పోయినప్పటి నుంచి నాకో జబ్బులాంటిది పట్టుకుంది. దుఃఖం గానీ కోపం గానీ వచ్చిందంటే ఏడుపు గొంతులోనే ఇరుక్కునేది. ఊపిరి లోపలికి పోయేది, బయటికి వచ్చేది కాదు. పెదవులు నీలమై, చేతులు కొంకర్లు పోయి కింద పడిపోయేదాన్ని. మా అవ్వ, అంటే బాపు వాళ్లమ్మ, నన్ను దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించింది. బాపుకేమో నన్ను అట్లా చూస్తే భయమేసేది. భయమేస్తే ఆయనకు కోపం వచ్చేది.

అమ్మ తన పాత చీరలు కలిపి కుట్టుకున్న బొంత ఒకటి ఇంట్లో మిగిలింది. రాత్రి దాన్నే కప్పుకొని, పొద్దున్నే మడిచి వడ్ల గుమ్మి వెనక దాచిపెట్టేదాన్ని. దానికి ఒక మూలన ముఖం ఆనిస్తే అమ్మ తలనూనె వాసన ఇంకా వచ్చేది. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ వాసన పోతుందేమోనని భయం.

దసరా ముందర ఇల్లంతా దులిపి, బొంతలూ చద్దర్లూ ఉతుక్కోవడం మా దిక్కు ఆనవాయితీ. ఆ రోజు బడి నుంచి వచ్చేసరికి పెరటి గోడ మీద అమ్మ బొంత నీళ్లు కారుతూ ఆరవేసి ఉంది. ఉరికిపోయి ఆ మూలను వెతికి పట్టుకున్నాను. ముఖం ఆనించాను. బట్టల సోడా వాసన తప్ప ఇంకేమీ లేదు.

అమ్మ ఆ రోజే పోయినట్టనిపించింది నాకు.

వంటింట్లోకి పోయి చిన్నమ్మ మీద పడ్డాను. ఆమె చెయ్యి కొరికాను. అంతలోనే ఊపిరి బిగుసుకుపోయి వేళ్లు కొంకర్లు పోయాయి. సరిగ్గా అప్పుడే తోట నుంచి బాపు వచ్చాడు. ఆమె చేతి మీద నెత్తురు చూసి నా మీదికి చెయ్యెత్తాడు. "గీ పిల్లను ఆళ్ల అమ్మమ్మ ఇంటికి తోలేస్త. ఇగ నాతోని కాదు" అని అరిచాడు.

చిన్నమ్మ మా ఇద్దరి మధ్యకు వచ్చింది. "ఆగుండ్రి. పిల్లను ముట్టుకోకుండ్రి. మీరు జర బయట కూసోండ్రి" అన్నది. ఆమె గొంతు పెంచలేదు. అయినా బాపు వెళ్లిపోయాడు.

నన్ను చంకల కింద పట్టి లేపి పొయ్యి ముందు కూర్చోబెట్టింది. తోటలో తీగలు కత్తిరించగా వచ్చిన పచ్చి కట్టెలు పొయ్యిలో మండకుండా పొగ చిమ్ముతున్నాయి. ఊదుగొట్టం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"పొయ్యి ఆరిపోతాంది బిడ్డా. నా చెయ్యి మండుతాంది, గొట్టం పట్టనీకి వస్తలేదు. జర నువ్వు ఊదు."

కొరికిన దాన్ని నేనే కాబట్టి కాదనలేకపోయాను. గొట్టం నోటికి ఆనించాను గానీ బయటికి ఊపిరేదీ? ఎట్లనో ఒకసారి ఉఫ్ అన్నాను. బూడిద లేచి నా కళ్లలోనే పడింది. పొగకు దగ్గు వచ్చింది. ఆ దగ్గుతో బిగిసిన గొంతు కొంచెం విడింది.

"గట్ల కాదు. సన్నగ, పొడుగ్గ ఊదు. లోపలిదంత అయిపోయేదాక ఊదు. తర్వాత దానంతటదే వస్తది" అని నా పక్కనే చతికిలబడింది.

ఊదాను. నిప్పు ఎర్రబడి మళ్లీ నల్లబడింది. మళ్లీ ఊదాను. ఎంతసేపని చెప్పను, కట్టెలు అంటుకొని మంట లేచేసరికి నా వేళ్లు విడిపోయి ఉన్నాయి. గొంతులో ఇరుక్కున్న ఏడుపు అప్పుడు బయటికొచ్చింది. కింద పడిపోకుండా, అమ్మ బొంత, అమ్మ వాసన అనుకుంటూ కూర్చొనే ఏడ్చాను. తల తిప్పి చూస్తే చిన్నమ్మ కళ్లూ ధారలు కడుతున్నాయి. పొగకేమో అనుకున్నాను.

"నాకూ ఒక బిడ్డ ఉండె" అన్నది, మంటను చూసుకుంటూ. "పాలు తాగే పిల్ల. జరమొచ్చి పోయింది. గా ఇంట్ల ఏడిస్తే తిట్టేటోళ్లు. పొయ్యి కాడ ఏడిస్తే పొగనుకునేటోళ్లు. ఊదుకుంట, ఏడ్సుకుంట గట్ల దినాలు ఎల్లదీసిన."

"ఊదితే దుఃఖం పోతదా?" అని అడిగాను. ఆమెతో నేను మాట్లాడిన మొదటి మాట అదే.

"పోదు బిడ్డా. ఎందుకు పోవాలె? గని మనల్ని కింద పడెయ్యదు. కూసోని ఏడ్వనిస్తది."

పొయ్యిలోకి ఇంకో కట్టె ఎగదోసి, "గా బొంత సంగతి నాకు తెల్వకపాయె. తెలిస్తే నీళ్లల్ల పెట్టకపోదును" అన్నది. నేను పసుపు డబ్బా తెచ్చి ఆమె చేతికి అద్దాను. గడప దగ్గర కూర్చున్న బాపు మమ్మల్ని చూస్తూనే ఉన్నాడు. అమ్మమ్మ ఇంటి మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ జబ్బు ఒక్క రోజుతో పోలేదు. అది వచ్చినప్పుడల్లా చిన్నమ్మ తిట్టేది కాదు, ఓదార్చేది కాదు. "పొయ్యి సూడు బిడ్డా" అని పిలిచేది. కొన్నాళ్లకు పొయ్యి లేని చోట కూడా, బడిలోనో తోటలోనో, నాకు నేనే సన్నగా ఊపిరి వదులుకోవడం అలవాటైంది. ఆమెను చిన్నమ్మా అని ఎప్పటి నుంచి పిలిచానో మాత్రం గుర్తు లేదు. బొంతకు ఆ వాసన తిరిగి రాలేదు.

పోయిన వానాకాలం చిన్నమ్మ మేడ్చల్‌లో ఒక ఆసుపత్రిలో కన్నుమూసింది. ఆమె కడుపున పుట్టిన మా తమ్ముడు, మనవలను ఎత్తుకున్న మనిషి, వరండాలో గోడకు ఆనుకొని ఊపిరి అందక వణికిపోతున్నాడు. నాకూ లోపల ఏదో బిగుసుకుంటూనే ఉంది. వాడి వీపు మీద చెయ్యి వేశాను. "సన్నగ వదులురా. లోపలిదంత అయిపోయేదాక" అన్నాను. వాడితో పాటు నేనూ వదిలాను. వచ్చేపోయేవాళ్లు మమ్మల్ని వింతగా చూశారు. చూస్తే చూశారు.

ఊపిరి కుదురుకున్నాక ఇద్దరం లోపలికి పోయాం. ఆమెకు చెరో పక్కన కూర్చొని ఏడ్చాం.