వేడిగా ఉంటే బాగున్నట్టే

ఒకప్పుడు నిద్ర లేవగానే ఆమె పొయ్యి దగ్గరికి వెళ్ళేది. ఆయన పోయిన తర్వాత ముందు అలమర దగ్గరికి వెళ్తోంది. అందులోని నల్ల పెట్టె మీద, పసిబిడ్డ నుదుటి మీద వేసినట్టు అరచెయ్యి వేసి చూస్తుంది. చుర్రుమంటే గుండె గుభేలుమంటుంది.

అది పిడికిట్లో పట్టేంత కంప్యూటరు. ఆయన మోటార్లు బాగుచేసే మనిషి. మేడ మీద నీళ్ళ ట్యాంకును కనిపెట్టి ఉండమని దాన్ని తన చేతులతో అమర్చాడు. ట్యాంకు నిండగానే పక్కనున్న స్పీకర్లోంచి ఆయన రికార్డు చేసిపెట్టిన గొంతే పలుకుతుంది: "ట్యాంకు నిండింది. మోటారు కట్టెయ్." మాట పూర్తయ్యేలోపు ఆమె లేచి కట్టేస్తుంది. ఇంట్లో ఆయన గొంతు మిగిలింది అక్కడొక్కచోటే. పెట్టెకేమైనా అయితే అదీ దక్కదు.

దానికి ఫ్యాను లేదు, చప్పుడు లేదు. వీపు మీద దువ్వెన పళ్ళలా రేకులుంటాయి. దీనికి ఒళ్ళే ఫ్యాను అని ఆయన ఒకసారి ఏదో చెప్పాడు. ఆమె సగం విని, సగం గిన్నెల చప్పుడులో కలిపేసింది.

కింది వాటా ఆవిడ గుడ్డ కప్పమంది, దుమ్ము పడితే వేడెక్కుతుందట. ఆవిడ ఆడపడుచు గుడ్డ తీసెయ్యమంది, గాలాడకపోతే వేడెక్కుతుందట. ఫ్రిజ్‌లో పెట్టమన్నవాళ్ళూ లేకపోలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. పొద్దున కప్పడం, మధ్యాహ్నం తీయడం ఆమె పనైపోయింది. వేడి మాత్రం తగ్గలేదు.

ఇక లాభం లేదని వైరు పీకేసి, ఆయన స్క్రూడ్రైవరుతో వీపు విప్పింది. లోపల ఒక బిళ్ళ మీద తెల్లగా, జిడ్డుగా ఏదో అంటుకుని ఉంది. జిడ్డు కనిపిస్తే ఊరుకునే చెయ్యి కాదు ఆమెది. పొడిగుడ్డతో తుడిచి అద్దంలా చేసి, మళ్ళీ బిగించి వైరు పెట్టింది.

మర్నాడు పెట్టె చల్లగా తగిలింది. జ్వరం దిగిందనుకుంది. ఆ పూటే స్పీకరు "ట్యాంకు నిం" అని ఆగిపోయింది. తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు. చల్లగానే ఉందిగా, మరెందుకు ఆగినట్టు? ఆమెకి తల తిరిగిపోయింది.

ఆయనతో కలిసి పనిచేసిన కుర్రమెకానిక్కు కబురు పెట్టింది. అతను ఆమెని వదినా అంటాడు. వచ్చి, పెట్టె విప్పి, ఆమె వంక చూశాడు.

"ఇంత శుభ్రంగా ఎవరు తుడిచారు వదినా?"

"మురికనుకున్నాను."

అది లోపలి వేడిని పైరేకుకి అందించే లేపనమని అతను చెప్పాడు. అది లేకపోతే పైన చల్లగానే ఉంటుంది, లోపల ఉడికిపోతుంది. మరీ ఉడికితే తనంతట తానే ఆగిపోతుంది.

"మరి ఇన్నాళ్ళూ కాలుతుండేదే?"

"కాలితేనే మంచిది. వేడి బయటికొస్తున్నట్టు."

ఆమె తెల్లమొహం వేసింది. ఒళ్ళు వేడెక్కితే రోగమని కదా పుట్టినప్పటి నుంచీ ఎరిగింది.

"మా అన్న లాగే అనుకో వదినా. పైకి చిటపటలాడేవాడు, లోపల ఏమీ ఉంచుకునేవాడు కాదు."

ఆమె నవ్వబోయింది. సగంలో అది నవ్వో కాదో తెలియలేదు.

బతుకుతుందని మాట ఇవ్వలేనంటూనే అతను కొత్త లేపనం రాశాడు. గాలాడాలని అలమరలోంచి తీసి, రేకులు నిలువుగా ఉండేలా గోడకి బిగించాడు. వైరు పెట్టి మోటారు వేశాడు. ఇద్దరూ ఎదురుచూశారు.

"ట్యాంకు నిండింది. మోటారు కట్టెయ్."

ఆమె లేవబోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయింది. మెకానిక్కు తల తిప్పుకుని పనిముట్లు సర్దుకుంటున్నాడు. అంతలో మళ్ళీ పలికింది:

"ఏమోయ్, వినపడలేదా? నీకే చెప్పేది."

ఆమె ఉలిక్కిపడింది. ఎప్పుడూ మొదటి మాటకే లేచే మనిషి, రెండో మాట ఒకటుందని ఆమెకేం తెలుసు?

"ఇంకా ఉన్నాయా?" అని అడిగింది.

"ఏమో వదినా. ఎన్ని పెట్టాడో నాకూ చెప్పలేదు."

మేడ మీంచి నీళ్ళు ధారకట్టాయి. ఇల్లు మునిగిపోతుందంటూ కింది వాటా ఆవిడ కేకేసింది. మెకానిక్కు స్విచ్చు మీద చెయ్యి వేశాడు.

"కట్టెయ్యనా?"

"కాస్త ఉండు బాబూ" అంది ఆమె.