అక్క గీసిన బద్దెపురుగు

మొన్న ఆదివారం కొత్తిమీర కట్టని మూడోసారి కడుగుతుంటే మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి, "ఏవండీ, దానికి తలంటు కూడా పోస్తారా?" అంది. ముప్ఫై ఏళ్లుగా ఇదే మాట అంటోంది, నేనూ నవ్వేస్తున్నాను. కారణం మాత్రం చెప్పలేదు.

కోనసీమలోని మా ఊరి నుంచి రోజూ కాలేజీకి వెళ్లొస్తూ నేను డిగ్రీలో జువాలజీ చదివే రోజుల్లో మా అక్కకి ఎలిమెంటరీ స్కూల్లో టీచరుద్యోగం వచ్చింది. అయినా సాయంత్రాలు నా రికార్డులో బొమ్మలు తనే గీసేది, ఎందుకంటే నేను గీస్తే కప్పేదో బొద్దింకేదో మా లెక్చరరు గారు పోల్చుకోలేకపోయేవారు. పెరటి ఆకుకూరలు కాలువలో కడిగి తేవడం నా వంతు. తెల్లారేసరికి ఆ గట్టు ఊరందరికీ ఎందుకు పనికొచ్చేదో మన వయసు వాళ్లకి విడమరచి చెప్పక్కర్లేదు. నేను ఒక్క ముంచు ముంచి తెచ్చేవాణ్ణి. అక్క కొత్తిమీర కాడలు పచ్చివే నమిలేది.

ఒకనాడు బోర్డు మీద గుణింతం రాస్తూ అక్క పడిపోయి కాళ్లూ చేతులూ కొట్టుకుంది. కబురంది పరిగెత్తాను. పరిగెత్తి, సైన్సు విద్యార్థిగా నేను చేసిన ఘనకార్యం, ఇంటి తాళం చెవి తన గుప్పిట్లో పెట్టి నొక్కిపట్టడం. ఇనుము తగిలితే మూర్ఛ దిగుతుందని మా నమ్మకం. కాసేపటికి దానంతటదే తగ్గింది, కీర్తి తాళం చెవికి దక్కింది. నాలుగైదుసార్లు అలా అయ్యాక హెడ్మాస్టరు గారు, "పిల్లలు జడుసుకుంటున్నారమ్మా, ఇంటిపట్టున ఉండండి" అన్నారు. పెద్దాపురం అమ్మవారికి మొక్కుకున్నాం. అమ్మ ఆ తాళం చెవిని అక్క కొంగుకి ముడేసింది. అలా ఆరేళ్లు.

చివరికి రాజమండ్రిలో స్కానింగు తీయిస్తే, డాక్టరు గారు మెదడులో పురుగు తిత్తి ఉందంటూ పంది మాంసం తింటారా అని అడిగారు. అమ్మ నొచ్చుకుని, "మా ఇంట్లో కోడిగుడ్డు కూడా గడప తొక్కదు బాబూ!" అంది.

"తిన్నవాళ్లకి పురుగు కడుపులోనే ఉంటుందమ్మా. దాని గుడ్లు వాళ్ల మలంతో బయటికొచ్చి, నీళ్ల మీదుగా, పచ్చి ఆకుకూరల మీదుగా ఇంకొకళ్ల నోట్లోకి పోతాయి. అప్పుడే మెదడుకెక్కేది. ఒక్కోసారి వెన్నుపాములోకీ పోతుంది."

ఎక్కడ తగులుకుందో ఎవరూ చెప్పలేరని కూడా అన్నారాయన. ఆ మాట నాకు చాలలేదు. ఇంటికొచ్చి అటక మీంచి రికార్డు తీశాను. బద్దెపురుగు జీవితచక్రం. పంది, మనిషి, ఆకుకూర. ఆకుకూర నుంచి మనిషి తల దాకా ఎర్ర పెన్సిలు బాణం. పరీక్ష కోసం ఆ పేజీ బట్టీపట్టినవాణ్ణి నేనే.

మాత్రలతో అక్క మూర్ఛలు ఆగాయి. ఉద్యోగంలోకి అప్పటికే వేరేవాళ్లు వచ్చేశారు. తను మళ్లీ సుద్దముక్క పట్టుకోలేదు. రికార్డు తనకి చూపించే ధైర్యం నాకు రాలేదు.

అక్క పోయి రెండేళ్లయింది. ఇప్పుడు మా ఊళ్లో ఇంటింటికీ కుళాయి ఉంది, గట్టు మీదికి చెంబు పట్టుకెళ్లేవాళ్లు లేరు, ఎవరైనా పడిపోతే తాళం చెవి వెతకరు, ఫోను వెతుకుతారు. ఆ పేజీ మాత్రం నా దగ్గరే ఉంది. పైన పదికి పది, నా మార్కులు. కింద, బాణం చివర, అక్క గుండ్రటి అక్షరాల్లో రాసిన ఒక్క మాట: మెదడు.