గేదె తోక చెప్పిన వాన

సాల్మన్ బతుకంతా లారీ తోలాడు. గుంటూరు యార్డులో మిర్చి బస్తాలెత్తుకుని ఒడిశాలో కటకం దాకా, చిలకలూరిపేట మిల్లుల్లో పత్తి బేళ్ళెత్తుకుని కోయంబత్తూరు దాకా పోయి వచ్చేవాడు. పోయేటప్పుడు సరుకు, వచ్చేటప్పుడు కబుర్లు. సరుకు ఎప్పుడైనా తూకానికి తగ్గిందేమో గాని, కబుర్లు మాత్రం దారి పొడుగునా పెరుగుతూనే వచ్చేవి.

చిలకలూరిపేటకు కూతవేటు దూరంలో ఉన్న ఆ ఊళ్ళో, వీరాంజనేయులు టీకొట్టు బల్ల మీద సాల్మన్ కూర్చున్నాడంటే జనం చేతుల్లో టీ చల్లారిపోవలసిందే. మిర్చి ఘాటుకు తుమ్మీ తుమ్మీ పట్టాలు దిగిన గూడ్సుబండి, స్పీడుబ్రేకరనుకుని లారీ ఎక్కించిన కొండచిలువ, అన్నీ ఆయన కళ్ళారా చూసినవే. సాక్ష్యం కావాలంటే పక్క సీట్లో క్లీనర్ చెంచయ్య ఉండనే ఉన్నాడు. నిజమేనా అని అడిగే తెలివితక్కువవాడు ఊళ్ళో ఒక్కడూ లేడు. అడిగితే కథ ఆగిపోతుంది కదా.

అలాంటి చోటికి ఫోన్లు వచ్చిపడ్డాయి. ఒక రోజు కొండచిలువ ఇంకా రోడ్డు దాటుతూ ఉండగానే వీరాంజనేయులు ఫోనులోంచి తలెత్తాడు.

"సాల్మన్ గారూ, కొండచిలువ అంత పొడుగుండదంటండీ. ఇందులో ఉంది."

"అందులోది పిల్ల అయ్యుంటుందిలే" అన్నాడు సాల్మన్. కానీ ఆ పూట టీ ఎవరికీ చల్లారలేదు.

అప్పట్నుంచి ఏ కథ ఎత్తుకున్నా అంతే. నది పేరు చెబితే నదిని వెతికారు, ఊరి పేరు చెబితే ఊరిని వెతికారు. లారీ తోలినన్నాళ్ళూ బ్రేక్ ఇన్‌స్పెక్టరుకు కూడా ఇన్ని కాగితాలు చూపించలేదనుకున్నాడు సాల్మన్. ఆలోచించి ఆలోచించి కథల్ని ఫోనుకు అందని చోటికి, తన చిన్నతనానికి, మళ్ళించాడు. వాళ్ళమ్మ సాకిన గేదె పుట్టింది అక్కడే.

ఆ గేదె తోక కుడికి ఊపితే వాన, ఎడమకు ఊపితే ఎండ. ఒక్కనాడూ తప్పింది లేదు. చుట్టుపక్కల పెళ్ళి ముహూర్తాలన్నీ పంతులుగారు ఒకసారి చూశాక గేదె కూడా ఒకసారి చూసేది. చివరికి పెద్ద పెద్ద ఆఫీసర్లు జీపులో వచ్చి దాని వెనక కుర్చీలేసుకుని కూర్చున్నారు. చచ్చిపోయిన గేదెను ఏ ఫోను వెతుకుతుంది?

మనవరాలు షారోన్ గుంటూరులో కంప్యూటర్ చదువుతోంది. సెలవులకొచ్చినప్పుడు తాత ఆ కథ చెబుతుంటే నవ్వుకుంటూ వీడియో తీసి ఇంటర్నెట్‌లో పెట్టింది. వీడియో ఊరు దాటింది. సంక్రాంతికి పోయింది, మిర్చి కోతల నాటికి తిరిగొచ్చింది, వేషం మార్చుకుని. సాల్మన్ మొహం లేదు, గొంతు లేదు. ఎవరిదో గంభీరమైన గొంతు, వెనకాల వేణువు. "వేల ఏళ్ళ నాటి పశుశాస్త్ర రహస్యం" అని ఎర్రక్షరాలు. గుంటూరు చుట్టుపక్కల మిర్చి రైతులంతా ఉండే వాట్సాప్ గ్రూపులోకి అది దిగగానే, టీకొట్టు దగ్గర కొండచిలువకు కొలతలు వేసినవాళ్ళే గేదెల వెనక నిలబడ్డం మొదలుపెట్టారు. సాల్మన్‌కు అదొక పండగ. తన కథ తనకే నీతులు చెబుతుంటే చెవులారా వింటూ తిరిగాడు.

ఆ పండగ మార్చిలో ఒక మధ్యాహ్నం దాకే. అన్నం తిని నడుం వాలుస్తుండగా ఒంగోలు నుంచి చెంచయ్య ఫోన్ చేశాడు. ఆయన ఇప్పుడు సొంత లారీ తోలుతున్నాడు.

"అన్నా, ఇక్కడ కుండపోత. వైపర్ ఆడుతున్నా అద్దంలో ఏమీ కనపట్టం లేదు. మబ్బు మీ వైపే వస్తోంది."

సాల్మన్ లేచి బయటికొచ్చాడు. వీధి చివర ఖుర్షిదా కల్లం ఎర్రగా మెరుస్తోంది. పొలం కౌలుకు తీసుకుని, మొగుడు మంచాన పడ్డా ఒంటిచేత్తో నల్లతామర పురుగుతో పోరాడి దక్కించుకున్న కాయ. ఏడాది కష్టమంతా అక్కడ నేల మీద ఆరబోసి ఉంది. తడిస్తే మచ్చలు పడి తాలుకాయైపోతుంది. తాలుకాయ మొహం ఏ వ్యాపారీ చూడడు.

ఖుర్షిదా కాయల్లో నడుస్తూ కాళ్ళతో వాటిని తిరగేస్తోంది. పక్కన చింతదుంగకు కట్టిన గేదె. గేదె వీపు మీద ఆమె కోడిపుంజు. దానికి వేళాపాళా తెలియదు. బొంగురు గొంతుతో రోజంతా కూస్తుంది, సగం కూసి దగ్గుతుంది.

"అమ్మాయ్, కాయ కుప్పెయ్యి. టార్పాలిన్ పట్టలు కప్పు. వాన వస్తోంది."

"ఎవరు చెప్పారు బాబాయ్?"

"చెంచయ్య. ఒంగోలులో కుమ్మేస్తోందంట."

"కొండచిలువ మీద లారీ ఎక్కించినప్పుడు పక్కనున్నది ఆయనేగా?"

సాల్మన్ నుదుటి చెమట తుడుచుకున్నాడు. ఆమె గేదె వైపు చూపించింది. "అదుగో, పొద్దుట్నుంచీ ఎడమకే ఊపుతోంది. మొన్న ఫోన్లో మబ్బు బొమ్మ చూసి కప్పాను. చుక్క పడలా. పట్ట కింద కాయ చెమర్చి వాసన కొట్టింది. మళ్ళీ కప్పమంటావా?"

"ఆ గేదె కథ నాదేనే పిచ్చిదానా. టీకొట్టు దగ్గర నేను అల్లింది. మా అమ్మకు గేదే లేదు, రెండు మేకలుండేవి."

ఖుర్షిదా నడుం మీద చెయ్యేసుకుని ఆయన్ని ఎగాదిగా చూసింది. "లక్షమంది చూశారు బాబాయ్. ఊళ్ళో అబద్ధాలన్నీ నీవేనని ఒప్పుకుంటాం గాని, లోకంలోవన్నీ నీ ఖాతాలోనే వేసుకుంటానంటే ఎట్లా?"

మళ్ళీ సెలవులకొచ్చి ఉన్న షారోన్‌ను సాల్మన్ కేకేశాడు. ఆ పిల్ల పరిగెత్తుకొచ్చి తన ఫోనులో మొదటి వీడియో చూపించింది. సాల్మన్ మొహం, సాల్మన్ గొంతు, సాల్మన్ మీసం.

ఖుర్షిదా చివరిదాకా చూసింది. "బానే చేశావమ్మా. ఇప్పుడు ఎవరి మొహమైనా అతికించొచ్చంటగా. నువ్వు చదివేది అదే చదువు కదా" అని, ఇంట్లో మొగుడికి మందులివ్వాలని లోపలికి పోయింది.

తాతా మనవరాలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దక్షిణాన ఆకాశం నేరేడుపండు రంగుకు తిరిగింది. చెప్పకుండా కప్పేద్దామని సాల్మన్ ఒక పట్ట లాగబోయాడు. అది ఇద్దరు లాగితే కదిలే బరువు కాదు, పైగా ముందు కాయంతా కుప్పెయ్యాలి. దానికి ఆమె రావాలి, ఆమె పిలిస్తే ఇరుగుపొరుగు రావాలి.

"వీడియో తియ్యవే" అన్నాడు.

"ఇంకో అబద్ధమా తాతయ్యా? మొదటిదే మన కొంప ముంచింది."

"ముల్లును ముల్లుతోనే తియ్యాలి. పాపం నీది సగం, నాది సగం. ఆదివారం చర్చిలో ఇద్దరం కలిసి మోకరిద్దాం."

షారోన్ ఎవరిదో గేదె బొమ్మ వెతికి పెట్టింది. సాల్మన్ కల్లం పక్క గోడ చాటున నిలబడి, ముక్కు పట్టుకుని, గొంతు మార్చి చెప్పాడు. "రైతు సోదరులకు ముఖ్య గమనిక. మిర్చి కల్లం దగ్గర కట్టేసిన గేదెకు కాయ ఘాటు ముక్కుకెక్కి తోక తారుమారవుతుంది. అలాంటి గేదె ఎడమకు ఊపితే వాన వచ్చినట్టే. వెంటనే కాయ కప్పుకోవలెను." సరిగ్గా "వలెను" దగ్గర గోడ అవతల ఖుర్షిదా కోడి కూసి, దగ్గింది.

"మళ్ళీ తీద్దాం" అంది షారోన్.

"వాన ఆగుతుందా? పంపు."

ఇరవై గజాల అవతల ఉన్న ఖుర్షిదాకు చేరడానికి ఆ వీడియో ముందు పెదకాకాని పోయింది, షారోన్ స్నేహితురాలు హారిక దగ్గరికి. హారిక వాళ్ళ నాన్న ఫోనులోంచి, పెదకాకాని రైతు పంపినట్టుగా, మిర్చి రైతుల గ్రూపులోకి దూకింది. సాల్మన్ గోడ పక్కన కాచుకుని నిలబడ్డాడు. ఘాట్ రోడ్డు మీద బ్రేకు పడనప్పుడు కూడా ఆయన అంత కంగారు పడలేదు. గాలి చల్లబడింది, మట్టివాసన మోసుకొచ్చింది.

ఇంట్లోంచి ఖుర్షిదా ఫోను టింగుమంది. లోపల వీడియో చివరిదాకా ఆడింది, కోడి దగ్గుతో సహా. తర్వాత తలుపు దభాలున తెరుచుకుంది.

"బాబాయ్, ఏం నిలబడ్డావు, ఆ మూల పట్టుకో. ఒరేయ్ వీరాంజనేయులూ, కొట్టు వదిలిపెట్టి రారా."

వీధి వీధంతా దిగింది. పారలతో కొందరు, చాటలతో కొందరు కాయను కుప్పలకు లాగారు. ఘాటుకు అందరూ తుమ్ములే తుమ్ములు. పట్టాలు దిగిన గూడ్సుబండి నిజమేనేమో అనిపించింది సాల్మన్‌కు. ఆఖరి పట్ట అంచు మీద రాళ్ళు పెడుతుండగా మొదటి చినుకు ఆయన బట్టతల మీద పడింది. తర్వాత లెక్కలేదు.

అంతా గేదె కొట్టంలోకి దూరారు. రేకుల మీద వాన దంచుతోంటే ఖుర్షిదా తడిసిన కొంగు పిండుకుంటూ సాల్మన్ పక్కకొచ్చింది.

"పెదకాకానిలో మా కోడిపుంజు ఎట్లా కూసింది బాబాయ్?"

సాల్మన్ రేకుల వైపు చూశాడు. షారోన్ ఆయన వెనక్కి నక్కింది.

"దగ్గు వినగానే తెలిసిపోయింది" అంది ఖుర్షిదా. "తెలిశాకే ఆలోచించా. నువ్వు అబద్ధం చెప్పేటప్పుడు నీకు చెమట పట్టగా ఎప్పుడూ చూళ్ళేదు. హాయిగా నవ్వుతూ చెబుతావు. ఇవాళ చెప్పిందేమో ఒక్క ముక్క, దానికి ముక్కు పట్టుకుని పెదకాకాని దాకా తిరిగావు. ఇంత అవస్థ పడ్డాడంటే వాన నిజమే అయ్యుంటుందనుకున్నా. అప్పుడు బయటికొచ్చి ఆకాశం చూశా. అది ముందే చూడాల్సింది."

"మరి తోక?" అన్నాడు వీరాంజనేయులు. ఆయనింకా ఫోను చేతిలోనే పట్టుకుని ఉన్నాడు.

అందరూ గేదె వైపు తిరిగారు. తోక తిన్నగా, గంట తాడులా వేలాడుతోంది. కుడికీ లేదు, ఎడమకీ లేదు.

"వానకు ఈగలు పోయాయి, ఇంకేం ఊపుతుంది?" అంది ఖుర్షిదా.

సాల్మన్ గొంతు సవరించుకున్నాడు. "ఈగలంటే గుర్తొచ్చింది. ఒకసారి నేనూ చెంచయ్యా కటకం పోతున్నామా..."

వీరాంజనేయులు ఫోను జేబులో పెట్టుకున్నాడు.