సంతకం పడ్డాక

నిన్న మధ్యాహ్నం పక్క ప్లీడరు ఆఫీసులో ఎవరో ముసలాయన కాగితాల కట్ట కుడుతున్నాడు. దళసరి కాగితాల్లోకి దబ్బనం దిగేటప్పుడు వచ్చే ఆ కిర్రుమనే చప్పుడు విని చాలా కాలమైంది. ఇప్పుడంతా స్టేప్లర్లూ క్లిప్పులే. చేతిలోని ఫైలు మూసేశాను. నాకు లా నేర్పిన మనిషి చేతిలో ఎప్పుడూ ఆ దబ్బనమే ఉండేది. ఆయన పేరు జీవరత్నం, ప్లీడరు గుమాస్తా. ఆయన్ను తలుచుకుంటే అందరిలా నాకు కళ్లు చెమర్చవు, ఒళ్లు మండుతుంది. ఎవరి మీదో చెబుతాను.

డెబ్భైల మొదట్లో మాట. అప్పట్లో లా పట్టా ఒక్కటీ చాలేది కాదు. ఏడాది పాటు ఒక సీనియర్ ప్లీడరు దగ్గర పని నేర్చుకోవాలి. రోజూ ఏ కోర్టులో ఏ కేసు చూశామో డైరీ రాయాలి. దాని కింద ఆయన సంతకం ఉంటేనే బార్ పరీక్షకు కూర్చోనిచ్చేవారు. నేను చేరిన రంగనాథరావు గారు బెజవాడలో పేరున్న సివిల్ ప్లీడరు. మా నాన్న మాట కాదనలేక చేర్చుకున్నారు. మొదటి రోజే, "కోర్టు హాల్లో మగాళ్ల మధ్య నువ్వేం నిలబడతావమ్మాయ్? వరండాలో కూర్చుని చదువుకో, డైరీ సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. ఆయన మేనల్లుడు మోహన్ కూడా అప్పుడే చేరాడు. అతనికి లోపల బల్ల, ఫ్యాను. నాకు వరండాలో బెంచీ, బెజవాడ ఎండ.

సివిల్ ప్రొసీజర్ కోడ్ నా ప్రాణం తీసింది. పొద్దున బట్టీ పట్టిన రూలు మధ్యాహ్నానికి ఆవిరైపోయేది. కంచంలో అన్నం మీద వేలితో రూలు నంబర్లు రాసుకునేదాన్ని. "చదవేస్తే ఉన్న మతి పోయిందట, అన్నం తినవే!" అని అమ్మ కసిరేది. దువ్వెన పెడితే జుట్టు గుప్పెళ్లతో వచ్చేది. మా వీధి వాళ్లు నాకు అప్పటికే 'ఆడ ప్లీడరు' అని పేరు పెట్టేసి, ఎప్పుడు బోల్తా పడతానా అని చూస్తున్నారు. ఒక రోజు ఆ బెంచీ మీదే, పుస్తకం అడ్డం పెట్టుకుని ఏడ్చేశాను.

జీవరత్నం గారు చూశారు. లోపలికి వెళ్లి ఒక పాత దావా కాగితం తెచ్చి నా ముందు పెట్టారు. పొలాల మధ్య నీళ్లు పారే పంటబోదె తగాదా అది.

"కోర్టు వాళ్లు దీన్ని తిప్పి పంపారు అమ్మాయి గారూ. ఎందుకో చెప్పండి."

మూడుసార్లు చదివాను. "అన్నీ సరిగ్గానే ఉన్నాయండీ."

"పొలానికి హద్దులెన్ని?"

"నాలుగు."

"లెక్కపెట్టండి మరి."

ఉత్తరపు హద్దు లేదు. ఆయన నవ్వి, "ఇప్పుడు ఏడో ఆర్డరు, మూడో రూలు తీసి చదవండి. ఇంక జన్మలో మర్చిపోరు" అన్నారు. మర్చిపోలేదు.

ఆ రోజు నుంచి రోజుకొక తప్పుల దావా ఇచ్చేవారు. కోర్టు పెట్టిన అభ్యంతరం చీటీ తన జేబులో దాచుకుని, తప్పు నేను పట్టుకున్నాకే చూపించేవారు. గుణదల నుంచి సైకిలు మీద వచ్చే మనిషి, నా కోసం ఆ సైకిలు నడిపించుకుంటూ కోర్టు దాకా నాతో వచ్చేవారు. హాల్లో వెనక బెంచీలో కూర్చోబెట్టి, "వాయిదా పడితే వాయిదా పడిందనే రాయండమ్మా. జరగంది మాత్రం రాయొద్దు" అనేవారు. నా డైరీ నిండా వాయిదాలే. మన కోర్టుల్లో జరిగేది అదే కదా!

ఆయన చదువు స్కూల్ ఫైనలుతో ఆగిపోయింది. అయినా ఆ ఆఫీసులో అసలు ప్లీడరు ఆయనే. హనుమాన్ జంక్షన్ నుంచి ఒక లారీ యజమాని వచ్చి చిక్కు ప్రశ్న ఏదో వేస్తే, రంగనాథరావు గారు కళ్లజోడు తుడుచుకుంటూ గుమాస్తా వంక చూసేవారు. ఈయన మెల్లగా రూలు చెప్పేవారు. అదే రూలు ప్లీడరు గారు గొంతు పెంచి, తన మాటలా కక్షిదారుకి చెప్పేవారు. ఆ లారీ యజమానికి కుర్చీ ఉంది, మోహన్‌కు కుర్చీ ఉంది. జీవరత్నం గారు ఇరవై ఏళ్లుగా బీరువా పక్కన నిలబడే ఉన్నారు. ఇది అన్యాయమని ఆ గదిలో ఒక్కరికీ తోచలేదు, అదీ నా కోపం.

డైరీల మీద సంతకాల రోజు వచ్చింది. మర్నాడు దరఖాస్తు పోస్టులో వేయకపోతే గడువు దాటిపోతుంది. రంగనాథరావు గారు మా ఇద్దరి డైరీలూ తిరగేసి, "రెండింట్లోనూ ప్రతి రోజూ అవే కేసులు. ఎవరిది చూసి ఎవరు రాశారు?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా నా వైపు తిరిగారు. "వరండా దాటని దానివి, నీకు ఇన్ని కేసులు ఎక్కడివి?"

వారం కిందట 'ఒక్కరోజు ఇచ్చి పెట్టండి' అని నా డైరీ పట్టుకెళ్లిన మోహన్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. చెప్పబోయి, రంగనాథరావు గారి చేతిలోని పెన్ను చూసి ఆగాను. ఆ సంతకం పడకపోతే ఏడాది కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

"ఒక్క మాటండి అయ్యగారూ" అన్నారు జీవరత్నం గారు, రెండు డైరీల్లోనూ ఒకే రోజు తీసి. "పోయిన నెల ఈ గురువారం పేజీ చూడండి. ఆ రోజు మున్సిఫు జడ్జి గారు సెలవండి. హెడ్ క్లర్కు వాయిదాలు వేసి అందరినీ పంపేశారు. అమ్మాయి గారు అలాగే రాశారు. అబ్బాయి గారేమో రెండు గంటలు వాదన విన్నానని రాశారండి."

మోహన్ నా డైరీ కాపీ కొడుతూ, ఇన్ని వాయిదాలు ఉంటే చూడ్డానికి బాగుండదని, దొరికిన చోటల్లా వాయిదాను వాదనగా మార్చేశాడు. కోర్టు మొహం ఎప్పుడైనా చూసి ఉంటే కదా, ఆ రోజు వాదన జరగలేదని తెలియడానికి!

రంగనాథరావు గారి మొహం ఎర్రబడింది. మేనల్లుడి మీద కోపంతో కాదు. రెండు డైరీల మీదా సంతకాలు చేసి మా వైపు తోశారు. తర్వాత జీవరత్నం గారితో, "మా ఇంటి పిల్లాడి తప్పులు నాకే ఎత్తి చూపుతావా? గుమాస్తా గుమాస్తాలా ఉండాలి. రేపటి నుంచి రానక్కర్లేదు" అన్నారు. ఈయన బీరువా తాళం బల్ల మీద పెట్టి, "మంచిదండి" అన్నారు. నేను డైరీ గుండెకు హత్తుకుని గబగబా బయటికి వచ్చేశాను.

పరీక్ష పాసయ్యాను. మోహన్ కూడా పాసయ్యాడు. ఫలితాలు తెలిశాక గుణదలలో ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. రంగనాథరావు గారు పొమ్మన్న మనిషిని మరో ప్లీడరు చేర్చుకోలేదు. రిజిస్ట్రారు ఆఫీసు అరుగు మీద అర్జీలు రాసుకుంటున్నారట. నన్ను చూసి ఆయన పడిన సంతోషం మా ఇంట్లో వాళ్లు కూడా పడలేదు.

"ఆ రోజు నేను నోరు విప్పలేదండీ" అన్నాను.

"మీరు విప్పితే సంతకం పడేదా అమ్మా? అందుకేగా నేను మాట్లాడింది" అని, కాఫీ తెమ్మని భార్యను కేకేశారు.

ఇప్పటికీ సభల్లో నన్ను రంగనాథరావు గారి జూనియరుగా పరిచయం చేస్తే, మైకు అందుకుని జీవరత్నం గారి శిష్యురాలినని చెబుతాను. పెద్దవాళ్లు ఇబ్బందిగా కదులుతారు. కదలనీ. కానీ ఆ కోపంలో సగం నాకే చెందుతుంది. సంతకం పడే దాకా నేను మాట్లాడకూడదన్నది నిజమే. ఆయన్ను పొమ్మన్నది మాత్రం సంతకం పడ్డాక. అప్పటికి డైరీ నా చేతిలోకి వచ్చేసింది. ఇక నన్ను ఆపిందెవరు? ఈ ప్రశ్న ఆయన నన్ను ఎన్నడూ అడగలేదు. నలభై ఏళ్లుగా సాక్షులను బోనులో నిలబెట్టి జవాబులు రాబట్టిన దాన్ని, ఈ ఒక్క ప్రశ్నతో మాత్రం నన్నే ఆ బోనులో నిలబెట్టుకుంటున్నాను.