మా బావ వేసిన ఓటు

నేను అయిదో తరగతి రెండుసార్లు చదివాను. అయిదు రెళ్లు పది కనుక, ఎవరైనా అడిగితే టెన్త్ అని చెప్పుకుంటాను. అలాంటి నా చేతిలో మొన్న మా కోడలు ఒక కాగితం పెట్టి, "మామా, ఇది జర సదువుండ్రి. మీకు సమజైతే అందరికీ సమజైనట్టే" అన్నది. ఆమె హసన్‌పర్తి దగ్గర హైస్కూల్లో టీచరు. శాసనమండలిలో పంతుళ్ల సీటుకు ఎన్నికలు వస్తున్నాయని, ఫలానా ఆయనకు మా మద్దతని వాళ్ల సంఘం అచ్చేసిన కాగితం అది. కింద లావు అక్షరాల్లో, 'పేరు ఎదురుగా 1 అంకె వేయాలి, టిక్కు పెడితే ఓటు చెల్లదు' అని ఉంది. సమజైంది. సమజైనందుకే నాకు మాట రాలేదు. నాకు మాట రాకపోవడం మా ఇంట్లో ఎన్నడూ జరగలేదు గనుక కోడలు పరుగున పోయి బీపీ గోలీ తెచ్చింది.

ఆ టిక్కు ముచ్చట నేను మొదట విన్నది డెబ్బయ్యో దశకం చివర్లో, మా బావ నోట. బావ లెక్కల పంతులు. ఆయన్ని ఏటూరునాగారం అవతల అడవి పక్క హైస్కూలుకు వేసి తొమ్మిదేళ్లయింది. అక్కకు గుండెజబ్బు. పెద్ద దవాఖాన దగ్గరుండాలని ఆమె కొత్తవాడలో మా ఇంట్లోనే ఉండేది. బావ శనివారం సాయంత్రం ఎర్రబస్సులో దుమ్ము కొట్టుకుని వచ్చి, సోమవారం పొద్దున్నే పోయేవాడు. అక్క ఆరు రోజులు మంచం మీద ఆయాసపడి, ఏడో రోజు లేచి మొహం కడుక్కుని, బాగున్నట్టు తిరిగేది. ఆదివారం పూట మా అక్కంత ఆరోగ్యవంతురాలు వరంగల్లులో ఉండేది కాదు. బావకు అది తెలుసు. తెలియనట్టు ఆయనా తిరిగేవాడు. బదిలీ కావాలంటే పైరవీ కావాలి. ఆయనకు కూడికలు, తీసివేతలు వచ్చుగానీ పైరవీ రాదు.

అప్పుడొచ్చింది మండలి ఎన్నిక. నిలబడేదీ పంతుళ్ల కోసమే, ఓటు వేసేదీ హైస్కూలు మొదలు పైకి చెప్పే పంతుళ్లే. పోటీలో ఒకాయన కాలేజీలు నడిపే ఆసామి. ఎవరడిగితే వాళ్లకు బదిలీ చేయిస్తానని మాటిచ్చేవాడు. రెండో ఆయన రిటైరైన హెడ్మాస్టరు. ఎవరికీ ఏ మాటా ఇచ్చేవాడు కాదు. "ఎక్కువేండ్లు అడివిల చేసినోడు ముందు అన్న లిస్టు పెట్టిస్త. నా సొంత తమ్మునికైనా గదే లిస్టు" అనేవాడు. ఆ లిస్టే వస్తే మా బావ పేరు పైనెక్కడో ఉంటుంది. పంతుళ్ల సంఘంలో బావ మాటకు విలువుండేది. సంఘం ఎవరికి మద్దతివ్వాలో తేల్చే మీటింగుకు ముందురోజు కాలేజీ ఆసామి మనిషి మా ఇంటికొచ్చి, "సార్, మీరు రేపు నోరు తెరవకుంటె చాలు, వచ్చే నెల ఆర్డరు చేతిల ఉంటది" అన్నాడు. బావ లోపలి గది వైపు చూశాడు. లోపలి నుంచి అక్క, "నా పేరు జెప్పి ఎవలకాడ తల వంచకు. నేనేడికి పోతాన, ఈడనే ఉంట" అన్నది.

మీటింగుకు పరిచిన జంపఖానాలు మేం నేసినవే. పంతుళ్లు వాటి మీద పెన్నులు విదిలిస్తారని కాపలాగా నేనూ పోయాను. బావ లేచి హెడ్మాస్టరు తరఫున పావుగంట మాట్లాడాడు. చేతులు లేచాయి. సంఘం మద్దతు హెడ్మాస్టరుకే. బావ బడికి నెల రోజులు సెలవు పెట్టాడు, ఆ నెల రోజులూ ఆయనకు సెలవన్నదే లేదు. వర్ధన్నపేట దాకా సైకిల్ మీద బడిబడికీ తిరిగి, నమూనా బ్యాలెట్ కాగితం గోడకంటించి, టిక్కు వద్దు, అంకె వేయండని చెప్పాడు. వెనక క్యారియర్ మీద నేను. నన్ను ముందుకు నెట్టి, "ఈయన మా బామ్మర్ది. అయిదు దాకనే సదివిండు. సూడుండ్రి, ఒకటి ఎంత సక్కగ ఏస్తడో" అనేవాడు. నేను ఒకటి వేసి సలాం కొట్టేవాణ్ణి. ఒక ముసలి పంతులు, "గట్లయితె మా ఓట్లన్ని ఈయనకే ఇయ్యి సారూ, పని అయిపోతది" అన్నాడు.

పోలింగునాడు నేను సైకిల్ పట్టుకుని గేటు దగ్గరున్నాను. బావ తన కుడిచేతినే చూసుకుంటూ బయటికొచ్చాడు.

"ఏం బావా, చెయ్యి గట్ల జూస్తానవ్, జాతకమా?"

"రైట్ కొట్టిన్రా."

"ఏడ?"

"హెడ్మాస్టరు సారు పేరు కాడ. పేరు జూసిన, పానం నిమ్మళమైంది. చెయ్యి దానంతటదే రైట్ కొట్టింది. డబ్బాల ఏసినంక యాదికొచ్చింది."

ఇరవై ఏళ్లుగా సరైన జవాబు కనపడితే రైటు కొట్టిన చెయ్యి అది. దానికి వేరే ఏం తెలుసు? హెడ్మాస్టరు కొద్దిలో ఓడిపోయాడు. లెక్కింపు దగ్గర కూచున్నాయన చెప్పాడు, చెల్లని ఓట్ల కట్ట ఓడిన తేడా కన్నా లావుగా ఉందట. అన్నీ రైటు మార్కులే. ఒక మహానుభావుడు రైటు కొట్టి, కింద సంతకం చేసి తేదీ కూడా వేశాడట.

లిస్టు రాలేదు. బావ అడవి బడికే పోయాడు. రెండేళ్ల తర్వాత ఒక బుధవారం అక్క పోయింది. కబురంది, బస్సు దొరికి, ఆయన వచ్చేసరికి గురువారమైంది. ఆ తర్వాత ఎవరూ అడగకుండానే హనుమకొండకు బదిలీ ఆర్డరు వచ్చింది. బావ దాన్ని మడిచి మేం నేసే సాంచె పక్కన గూట్లో పెట్టాడు. ఎనభైల నడుమ ఒక పొద్దున, ఆ మండలినే రద్దు చేశారని పేపర్లో పడింది. ఏ ఇంటికి మనిషిని పంపాలని ఆయన నెలరోజులు సైకిల్ తొక్కాడో ఆ ఇల్లే లేకుండా పోయింది, మళ్లీ తెరిచేసరికి ఇరవై ఏళ్లు దాటింది. కాలం కూడా ఒక పంతులే. మన కాగితం చాలా ఆలస్యంగా దిద్దుతుంది, అప్పటికి మనం ఆ బడిలో ఉండం. బావ పేపరు చదివి మడిచాడు. నా నోరు ఊరుకోదు గదా.

"ఏం బావా, అయిదు దాక సదివినోన్ని, నేను ఊరూరా ఒకటి ఏసి సూపిస్తి. లెక్కల పంతులువు, నీకు రాకపాయె."

బావ కోప్పడలేదు. అక్క మంచం ఉండే మూల వైపు ఒకసారి చూసి అన్నాడు:

"నువ్వే నయం బామ్మర్దీ. అయిదు దాకన్న పోయినవ్. నేను ఒకటి కాడనే ఆగిపోయిన."