పన్ను మాఫీ చేసిన మా అత్త

మా అత్త పోయిందన్న కబురు నేను బడిలో పాఠాలు చెప్పి వస్తూ టెక్కలి బస్టాండులో ఉండగా వచ్చింది. ఫోన్ చేసినవాడు ఆవిడ కొడుకు. "బావా, అమ్మ నేదు. పలాస ఆసుపత్రి నుంచి బండిలో ఊరికి తెచ్చేత్తన్నాం. నువ్వు తిన్నగా ఇంటికొచ్చీ" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "సాగనంపడానికి ఊరోలు వత్తారంటావా?" అని అడిగాడు.

తల్లి పోయినవాడికి రావలసిన సందేహం కాదది. అతనికి ఎందుకొచ్చిందో నాకు తెలుసు. మీకు తెలియాలంటే అత్త సంగతి చెప్పాలి.

ఆవిడ మా నాన్నకి అక్క. సముద్రపు ఒడ్డున ఉన్న మా ఊరి నుంచి బారువ వెళ్లి ఎండుచేపలు కొని, పలాస తీసుకెళ్లి అమ్మేది. బస్సులో గంప వాసనకి ఎవరైనా ముక్కు మూసుకుంటే, "కూరొండినప్పుడు మూసుకోవేటి నాయినా?" అనేది. నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చేది. చుట్ట నోట్లో ఉన్నంతసేపే ఆవిడ నోరు మూతపడేది.

మా పంచాయతీ సర్పంచి పదవి ఆడవాళ్లకి రిజర్వయిన ఏడాది, ఊరి పెద్దలు వచ్చి అత్తని నిలబడమన్నారు. "సంతకం తప్ప నాకేటొచ్చు?" అంది. "అది సాలు" అన్నారు వాళ్లు. ప్రచారంలో వీధి వీధికీ ఆవిడ చెప్పిన మాట ఒక్కటే: "నాను గెలిత్తే ఇంటి పన్ను, కుళాయి పన్ను ఎవులూ కట్టక్కర్నేదు." ఆ మాట చెప్పమని నేర్పింది ఎవరో మాకందరికీ తెలుసు. అత్త మాత్రం ఆ తర్వాత ఎన్నడూ వాళ్ల పేరెత్తలేదు. చెప్పిన నోరు తనదే కదా అనేది.

గెలిచింది, మాట నిలబెట్టుకుంది. పన్ను రద్దు చేసే అధికారం పంచాయతీకి లేదు. అత్త చేసిందల్లా వసూలుకి వచ్చిన గుమస్తాని వీధి మొదట్లోనే ఆపి టీ ఇప్పించి పంపెయ్యడం. వీధి దీపాలు వెలిగాయి. కుళాయిల్లో ఉదయం, సాయంత్రం నీళ్లొచ్చాయి. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి లేదు, బావి నీళ్లంటేనే భయం. దూరాన బోరు వేసి ట్యాంకుకి ఎక్కించే ఆ నీళ్లే మాకు దిక్కు. అత్త ఎటు వెళ్లినా ఆడవాళ్లు చేతులు పట్టుకునేవారు. తర్వాతి కాలంలో ఆ రోజులు తలుచుకున్నప్పుడల్లా ఆవిడ మొహం ముడుచుకునేది.

మోటారు కరెంటుతో తిరుగుతుంది, కరెంటుకి బిల్లు వస్తుంది. పంచాయతీ దగ్గర పైసా లేదు. పైనుంచి నిధులొస్తే సర్దుదామనుకున్నారు. వచ్చిన కాసిని పాత బకాయికే పోయాయి. ఒక పొద్దున్న కరెంటు వాళ్లొచ్చి మోటారు షెడ్డు ఫ్యూజు పీకేశారు. గంటలో ఊరి ఆడవాళ్లంతా బిందెలతో అత్త గుమ్మం ముందు నిలబడ్డారు.

ఆవిడ నన్ను తోడు తీసుకుని శ్రీకాకుళం వెళ్లింది. అక్కడి అధికారి మంచివాడే, కుర్చీ వేయించాడు. "ఖజానాలో ఏమీ లేదమ్మా. అంతా ముందున్నవాళ్లు చేసిన అప్పులు. మేమేం చెయ్యగలం?" అన్నాడు. తిరుగు బస్సులో అత్త కిటికీ పక్కన కూర్చుంది. నరసన్నపేట దాటాక నా వైపు తిరిగింది.

"ముందోలు, ముందోలు అంటన్నాడు ఆ బాబు. మనూరికి ముందోలు ఎవులురా అల్లుడా? నానే కదా."



ఆ వారమే తుఫాను షెల్టరులో గ్రామసభ పెట్టించింది. వేదిక మీద కూర్చోలేదు, జనం మధ్యనే నిలబడింది. "మీకు మాఫీ అని సెప్పి తప్పు సేసినాను. నాను మాఫీ సెయ్యనేదు, అప్పు పెట్టినాను. అది మన ఊరి నెత్తిమీదే ఉంది. ఈ నెల నుంచి అందరం పన్ను కట్టాల" అంది.

కాసేపు ఎవరూ నమ్మలేదు. తర్వాత గోల మొదలైంది. గుజరాత్ బోట్ల మీద పనికెళ్లి వచ్చిన ఒక కుర్రాడు లేచి, "పెబుత్వం కడతాది గానీ మనమెందుకు కట్టాల?" అన్నాడు.

"పెబుత్వం ఎక్కణ్ణుంచి తెత్తాది బాబూ?"

"అప్పు తెత్తాది. అందరూ తెత్తన్నారు కదేటి!"

"అదెవులు తీరుత్తారు?"

"తరవాతొచ్చినోలు సూసుకుంటారు."

అందరూ నవ్వారు. అత్త నవ్వలేదు. "నానూ అలాగే అనుకున్నాన్రా. తరవాతొచ్చింది కూడా నానే" అంది. ఆ రోజు ఒక్కరు లేచి, తప్పు మాది కూడా అని ఉంటే ఎలా ఉండేదో. తీసుకున్నవాళ్లం అందరం ఇచ్చినావిడనే నిలదీశాం.

మర్నాడు తన ఇంటి బకాయి మొత్తం కట్టి, గుమస్తాని వెంటబెట్టుకుని తనే గడప గడపకీ తిరిగింది. కొందరు కట్టారు. కొందరు తలుపులు వేసుకున్నారు. ఒకావిడ ముఖం మీదే, "ఓట్లకొచ్చినప్పుడు అమ్మవి, ఇప్పుడు అప్పులోడిలా వచ్చినావు" అంది. వచ్చిన దాంతో వాయిదా కట్టి ఫ్యూజు పెట్టించింది. నీళ్లొచ్చాయి. కానీ ఎన్నికలు కూడా వచ్చాయి. ఈసారి మాఫీ మాట ఎదుటివాళ్లు చెప్పారు.

అత్త ఘోరంగా ఓడిపోయింది. ఫలితం తెలిసిన సాయంత్రం మా అమ్మ ఆవిడ ఇంటికి వెళ్లి, గుమ్మంలోనే నిలబడి చెప్పేసింది. "వొదినా, నానూ నీకు ఓటెయ్యనేదు. నాలుగిళ్లోలూ అటే ఏత్తన్నారని ఏసేసినాను."

అత్త పీట జరిపింది. "తెలుసునే. నువ్వు పన్ను కట్టినావు, ఓటెయ్యనేదు. మిగతావోలు ఓటేత్తామన్నారు, పన్ను కట్టనేదు. నువ్వే నయం. కూకో."

ఆ తర్వాత నీళ్లు మళ్లీ ఆగాయి. ఒకసారి కాదు, చాలాసార్లు. జనం క్యాను నీళ్లు కొనుక్కోవడం మొదలుపెట్టారు. పన్ను కంటే ఎక్కువే అవుతోందని తెలిసీ కొన్నారు. అత్త మాత్రం ఏటా పంచాయతీ ఆఫీసుకి నడిచి వెళ్లి కుళాయి పన్ను కట్టేది. ఒకసారి నేను పక్కనే ఉన్నాను. "నీళ్లే రావట్లేదు కదమ్మా, ఎందుకు కట్టడం?" అన్నాడు సెక్రటరీ. "నీల్లు రానేదని ఊరోలు కట్టరు. ఆలు కట్టనేదని నీల్లు రావు. ఎవులో ఒకలు ముందు మొదలెట్టాల కదా బాబూ" అంది. సెక్రటరీ రసీదు రాసిచ్చాడు.

ఇంట్లో టీవీలో రెండు పార్టీల వాళ్లూ అప్పులు మీవంటే మీవని అరుచుకుంటుంటే ఆవిడకి నవ్వూ వచ్చేది కాదు, కోపమూ వచ్చేది కాదు. "ఇచ్చినోడిదీ తప్పే, పుచ్చుకున్నోడిదీ తప్పే. నాను రెండూ సేసినాను" అనేసి లేచిపోయేది. మంచాన పడ్డాక కూడా కొడుకుతో, "ఓట్లడిగినప్పుడే నిజం సెప్పీసుంటే ఓడిపోదును, అంతే కదేటి" అనేదట.

నేను వెళ్లేసరికి ఊరంతా ఆ వాకిట్లోనే ఉంది. తలుపులు వేసుకున్నవాళ్లూ వచ్చారు. బావమరిది నా వైపు చూసి కళ్లు తుడుచుకున్నాడు. ఇప్పటి సర్పంచి వెనకాల ఒక మూల నిలబడి ఉన్నాడు. అత్తని సాగనంపి ఒడ్డు నుంచి తిరిగి వస్తుంటే నా పక్కన చేరి, "పన్ను మాటెత్తితే నన్నూ దింపీత్తారు మేస్టారూ. ఆయమ్మ అందరి ముందూ ఎలా సెప్పగలిగిందో" అన్నాడు. అతను అడిగింది నన్ను కాదేమో.

నాకు ఇప్పుడు పదే పదే గుర్తొచ్చేది ఒకటుంది. పోయిన చలికాలం సంతబొమ్మాళి వైపు చుట్టాలింటికి అత్తా నేనూ ఆటోలో వెళ్లాం. అత్త ఒళ్లో మనవరాలు నిద్రపోతోంది. మూలపేటలో కడుతున్న ఓడరేవు వైపు పోయే లారీలు ఒకదాని వెనక ఒకటి దాటుతున్నాయి. పక్కన కొత్త రోడ్డు వేస్తున్నారు.

"దీనికి డబ్బులెక్కడివిరా అల్లుడా?"

"అప్పు తెచ్చే ఉంటారత్తా."

"మంచి రోడ్డే" అంది. ఎదర నుంచి ఇంకో లారీ వచ్చింది. ఎర్రదుమ్ము లేచి ఆటో అంతా కమ్మేసింది. నేను, డ్రైవరు కళ్లు మూసుకున్నాం. దుమ్ము తగ్గాక చూస్తే, అత్త రెప్ప వాల్చకుండా పిల్ల మీదికి వంగి ఉంది. చీర కొంగుతో దాని మొహం కప్పి, అంచులు రెండు చేతులతోనూ గట్టిగా పట్టుకుంది.