కృపాకర్ సార్ బెల్లంముద్ద

వేములపల్లి బడిలో లెక్కలు చెప్పే కృపాకర్ సార్ ఒకనాడు మెడలో బెల్లంముద్ద, మరునాడు స్టీలు డబ్బా వేలాడదీసుకుని పొద్దున్నే పొలం గట్ల మీద నడుస్తాడు. లకుముకి పిట్టను ఫొటో తీయడానికి ఆయనకు కెమెరా కావాలి. మిర్యాలగూడ దుకాణంలో రెండు చూపించారు. ఒకటి నీళ్లలో పడ్డా చెక్కుచెదరని చిన్న కెమెరా. రెండోది ఈకలన్నీ విడివిడిగా చూపే మిర్రర్‌లెస్. తడిస్తే మాత్రం ఖతం. గట్టు మీద తాను ఎన్నిసార్లు జారతాడో తేలందే కొనకూడదని సార్ ఈ పరీక్ష పెట్టుకున్నాడు. గట్టిదానికి బదులు డబ్బా, తడవకూడనిదానికి బదులు బెల్లం. నెల తిరిగేసరికి డబ్బాతో తొమ్మిదిసార్లు బురదలో పడ్డాడు, బెల్లంతో ఒక్కసారీ పడలేదు.

"గట్టి కెమెరానే నన్ను పడగొడుతున్నది, స్వప్నా!" అన్నాడు భార్యతో.

"అయితే రెండోది కొనుండ్రి."

"నెల సాలదు. ఇంకో నెల సూస్త."

నిన్న కాలువ పక్క తుమ్మకొమ్మ మీద, బారెడు దూరంలో లకుముకి వచ్చి వాలింది. సార్ ఊపిరి బిగబట్టి, చీమలు దులిపి, బెల్లం కంటికి ఆనించి వేలితో నొక్కాడు. పిట్ట ఎగిరిపోయింది. ఆయన ఉరుకుతూ ఇంటికొచ్చి బెల్లాన్ని భార్య చేతిలో పెట్టాడు.

"సూడు, ఎట్లొచ్చిందో!"

స్వప్న దాన్ని వెలుతురుకు తిప్పి, కళ్లు చికిలించి చాలాసేపు చూసింది.

"మంచిగనే వచ్చింది. జర తోకనే కట్టయింది."